ఆది నిష్ఠూరం: తారాపూర్ నుంచి 123 ఒప్పందం దాకా

(మా ఊరి తెలుగు రేడియోలో ఆదివారం ఉదయం చేసిన ప్రసంగానికి ఇది అక్షరరూపం. చదువుకోవడానికి వీలుగా అక్కడక్కడ కొద్దిగా సరిచేశాను.)



పోయిన నెల ఈ కార్యక్రమానికి ఒక పెద్దాయన ఫోన్ చేసి ఓ ప్రశ్న వేశారు. "బాబూ, 2008లో అమెరికాతో అణు ఒప్పందం కోసం ఇక్కడ మనవాళ్ళంతా ఎంత హడావుడి చేశాం! సెనేటర్లకి ఉత్తరాలు రాశాం, ఫోన్లు చేశాం, విందులు పెట్టాం. ఇన్నేళ్ళయింది కదా, చివరికి దానివల్ల ఒరిగిందేమిటి?" అన్నారు. ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేక మాట దాటేశాను. ఇంటికెళ్ళాక అది నన్ను తొలుస్తూనే ఉంది. ఇవాళ్టి ప్రసంగం ఆయనకి నేను బాకీపడ్డ జవాబు.

ముందే ఒక మాట చెప్పాలి. నేను అణుశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. దౌత్యం అసలే తెలియదు. ఐటీ కన్సల్టెంటుని. కాకపోతే నా ఉద్యోగంలో కాంట్రాక్టులు చదవక తప్పదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా సీనియర్ ఒకాయన నాకో చిట్కా చెప్పారు: "కాంట్రాక్టుని ఎప్పుడూ వెనకనుంచి చదవాలి. ఎంత పని, ఎంత డబ్బు అన్నది అందరూ చదువుతారు. చెడితే ఏమవుతుందో ముందు చూడు." నేను అప్పట్లో నవ్వుకున్నాను. రెండేళ్ళ తర్వాత ఒక శుక్రవారం సాయంత్రం ఒక క్లయింటు మా ప్రాజెక్టుని అర్ధంతరంగా ఆపేశాడు. ఎనిమిదిమందిమి అప్పటికప్పుడు ఖాళీ అయిపోయాం. అందులో ముగ్గురు వీసా మీద ఉన్నవాళ్ళు. ఆ రాత్రి కాంట్రాక్టు తీసి చివరి పేజీలు చూస్తే, వాళ్ళు ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపేయవచ్చని, పదిహేను రోజుల డబ్బు ఇస్తే చాలని స్పష్టంగా రాసి ఉంది. మోసం ఏమీ లేదు. మేం చదవలేదు, అంతే.

మన పెద్దవాళ్ళు "అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలు" అన్నది ఇందుకే. దేశాల మధ్య ఒప్పందాలకీ ఇదే వర్తిస్తుందా అన్నదే ఇవాళ మనం చూడబోయేది.

ఇక ఈ విషయం మీద నాకెందుకు ఆసక్తి అంటే, నేను పెరిగింది హైదరాబాదులో, ఈసీఐఎల్ చౌరస్తాకి దగ్గర్లో. అక్కడికి కూతవేటు దూరంలో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు ఉంది. 1971లో పెట్టారు. మన దేశంలో విద్యుత్తు తయారుచేసే అణు రియాక్టర్లలో చాలావాటికి కావలసిన ఇంధన కడ్డీలు అక్కడ తయారవుతాయి. మా ఎదురింటి బాబాయిగారు అందులోనే పనిచేసి రిటైరయ్యారు. ఆఫీసు సంగతులు ఇంట్లో మాట్లాడే మనిషి కాదు. ఒక్కసారి మాత్రం నాతో "తారాపూరు సంగతి వేరురా నాన్నా. డబ్బా మనం చేస్తాం, లోపలి సరుకు పైనుంచి రావాలి" అన్నారు. ఆ ఒక్క మాటలో ముప్ఫై ఏళ్ళ దౌత్య చరిత్ర ఉందని నాకు చాలా కాలం తర్వాత గాని తెలియలేదు.

ఆ చరిత్ర ఇది.

1953 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఐక్యరాజ్యసమితిలో "శాంతి కోసం అణువు" అన్న పేరుతో ఒక ప్రసంగం చేశాడు. అణుశక్తి రహస్యాలను విద్యుత్తు, వైద్యం వంటి పనుల కోసం మిగతా దేశాలతో పంచుకుంటాం, వాటితో బాంబులు చేయకూడదు అన్నది దాని సారాంశం. ఈ ఊపులోనే 1957లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పుట్టింది. భారతదేశానికి కెనడా ఒక పరిశోధనా రియాక్టరు ఇచ్చింది. దానికి కావలసిన భారజలం అమెరికా అమ్మింది. అందుకే దానికి సైరస్ అని పేరు. ట్రాంబేలో 1960లో అది పని మొదలుపెట్టింది.

ఆ తర్వాతది తారాపూర్. 1963 ఆగస్టు 8న భారత, అమెరికా ప్రభుత్వాలు ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ బొంబాయికి ఉత్తరాన సముద్రపొడ్డున రెండు రియాక్టర్లు కట్టింది. 1969 అక్టోబరులో అవి వాణిజ్యపరంగా విద్యుత్తు ఇవ్వడం మొదలుపెట్టాయి. మన మిగతా రియాక్టర్లలో చాలావాటికి మామూలు యురేనియం సరిపోతుంది. వీటికి మాత్రం శుద్ధి చేసి గాఢత పెంచిన యురేనియం కావాలి. అది అప్పట్లో మన దగ్గర తయారయ్యేది కాదు.

ఒప్పందంలోని షరతులు చూడండి. గడువు ముప్ఫై ఏళ్ళు, అంటే 1993 దాకా. ఆ ముప్ఫై ఏళ్ళూ తారాపూరుకి కావలసిన ఇంధనమంతా అమెరికాయే అమ్ముతుంది. తారాపూరు కూడా అమెరికా ఇచ్చిన ఇంధనమే వాడాలి, మరొకరిది వాడకూడదు. దాన్ని ఆయుధాలకి వాడకూడదు, తనిఖీలకి ఒప్పుకోవాలి. వాడేసిన ఇంధనాన్ని తిరిగి శుద్ధి చేసి అందులోంచి ప్లుటోనియం తీయాలంటే, తనిఖీలు సరిగ్గా జరపవచ్చని ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి.

పైకి చూస్తే న్యాయంగానే ఉంది. నువ్వే అమ్ము, నీ దగ్గరే కొంటాను. సందు చివర ఒకే కిరాణా కొట్టు, వాడు ఖాతా కూడా ఇస్తున్నాడు, ఇంకేం కావాలి? ఆ కొట్టు మూసేస్తే ఏమిటన్నది మాత్రం ఎవరూ గట్టిగా అడగలేదు.

ఈలోగా ప్రపంచం మారింది. 1964 అక్టోబరులో చైనా అణుబాంబు పేల్చింది. 1968లో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం సంతకాలకు వచ్చి 1970లో అమల్లోకి వచ్చింది. దీన్నే ఎన్‌పీటీ అంటాం. అందులో ఒక గీత గీశారు. 1967 జనవరి 1కి ముందు బాంబు పేల్చిన దేశాలు అణ్వస్త్ర దేశాలు. మిగతావాళ్ళెవరూ ఇక ఆ జోలికి పోకూడదు. బాంబులున్న అయిదు దేశాలు ఎప్పటికైనా వాటిని వదులుకునే దిశగా చిత్తశుద్ధితో చర్చలు జరపాలని ఆరో అధికరణంలో రాశారు గాని, దానికి గడువు పెట్టలేదు. గీతకి అటువైపు చైనా ఉంది, ఇటువైపు మనం. భారతదేశం సంతకం చేయలేదు.

1974 మే 18న పోఖ్రాన్‌లో మొదటి పేలుడు. మన ప్రభుత్వం దాన్ని శాంతియుత అణు పేలుడు అంది. అందులో వాడిన ప్లుటోనియం సైరస్ నుంచి వచ్చింది. శాంతియుత అవసరాలకే వాడాలన్న షరతు సైరస్ కాగితాల్లో ఉంది. కొండలు తొలవడానికో, కాలువలు తవ్వడానికో చేసే పేలుడు శాంతియుతమా కాదా అన్నది మాత్రం అందులో లేదు. నిజానికి ఆ రోజుల్లో అమెరికా, రష్యా కూడా అలాంటి పేలుళ్ళ గురించి మాట్లాడుతున్నవే. కాగితం మౌనంగా ఉన్నచోట మనం మనకు అనుకూలమైన అర్థం చెప్పుకున్నాం. అది ఒప్పుకోవడానికి మనం సిగ్గుపడక్కరలేదు. అవతలివాళ్ళకి కోపం రాకూడదని మాత్రం అనలేం. కెనడా వెంటనే సహకారం ఆపేసింది. అణు సరుకులు అమ్మే దేశాలన్నీ కలిసి ఒక బృందంగా ఏర్పడ్డాయి. అదే అణు సరఫరాదారుల బృందం. అది పుట్టడానికి కారణం మనమే.

ఇక తారాపూరు కథ. సైరస్‌కీ దానికీ సంబంధం లేదు. తారాపూరు ఒప్పందాన్ని మనం ఎక్కడా ఉల్లంఘించలేదు. అయినా 1978లో అధ్యక్షుడు కార్టర్ హయాంలో అమెరికా ఒక కొత్త చట్టం చేసింది. దాని ప్రకారం, అమెరికా దగ్గర అణు ఇంధనం కొనే దేశం తన అణు కేంద్రాలన్నింటినీ, అంటే సొంతంగా కట్టుకున్నవాటిని కూడా, తనిఖీలకి తెరవాలి. 1963లో లేని షరతు ఇది. పదిహేనేళ్ళ తర్వాత ఇంట్లో చట్టం చేసుకుని, పాత ఒప్పందానికి దాన్ని వర్తింపజేశారు.

1980లో ముప్ఫై ఎనిమిది టన్నుల ఇంధనం దగ్గర గొడవ తారస్థాయికి చేరింది. అమెరికా అణు నియంత్రణ సంఘం అనుమతి ఇవ్వలేమంది. కార్టర్ తన అధికారం వాడి పంపమన్నాడు. ప్రతినిధుల సభ భారీ తేడాతో వద్దంది. సెనేట్‌లో 48, 46 ఓట్లతో, అంటే కేవలం రెండు ఓట్ల తేడాతో, ఆ సరుకు బయటపడింది. బొంబాయిలో దీపాలు వెలగడం, ఎక్కడో మోంటానా సెనేటరో, అయోవా సెనేటరో ఆ పూట ఎటు ఓటేస్తాడన్నదాని మీద ఆధారపడింది. ఇలా ఎన్నాళ్ళు? 1982లో ఇందిరాగాంధీ వాషింగ్టన్ వచ్చినప్పుడు రీగన్‌తో ఒక మధ్యేమార్గం కుదిరింది. ఒప్పందం అలాగే ఉంటుంది, ఇంధనం మాత్రం అమెరికా బదులు ఫ్రాన్సు ఇస్తుంది. 1993లో గడువు తీరింది. ఆ తర్వాత చైనా ఇచ్చింది, ఆ పైన రష్యా ఇచ్చింది. ప్రతిసారీ బతిమాలుడే. ఆ సరుకంతా హైదరాబాదు చేరి, మా బాబాయిగారి లాంటివాళ్ళ చేతుల మీదుగా కడ్డీలుగా మారి తారాపూరు వెళ్ళేది. "పైనుంచి రావాలి" అన్న మాట వెనక ఇంత ఉంది.

వాడేసిన ఇంధనం మాటేమిటి? ఇద్దరూ కలిసి తేల్చుకోవాలన్నారు కదా. అమెరికా ఎప్పుడూ ఔననలేదు. తీసుకుపోనూ లేదు. అది తారాపూరులోనే నీటి తొట్లలో పోగుపడుతూ వచ్చింది.

ఇప్పుడు 2005కి వద్దాం. ఆ ఏడు జూలై 18న మన్మోహన్ సింగ్, బుష్ వాషింగ్టన్‌లో ఒక ఉమ్మడి ప్రకటన చేశారు. అప్పటికి 1998 పోఖ్రాన్ పరీక్షలు, ఆంక్షలు అన్నీ అయిపోయాయి. అమెరికాకి ఆసియాలో ఒక బలమైన మిత్రుడు కావాలి. మనకి యురేనియం కావాలి. మన గనుల్లో దొరికే ఖనిజం నాసిరకం. జార్ఖండ్‌లో ఉన్నది చాలదు, మన కడప జిల్లా తుమ్మలపల్లెలో గని అప్పటికింకా మొదలవలేదు. 2007, 2008ల్లో ఇంధనం చాలక మన రియాక్టర్లు దాదాపు సగం సామర్థ్యంతో నడిచాయి. అంటే మనవాళ్ళు బేరానికి కూర్చున్నది నిండు కడుపుతో కాదు.

ఆ తర్వాత మూడేళ్ళు నడిచిన నాటకం మీకు తెలిసిందే కాబట్టి తొందరగా చెప్పేస్తాను. 2006 మార్చిలో పౌర, సైనిక కేంద్రాలను విడదీసే ప్రణాళిక. డిసెంబరులో అమెరికాలో హైడ్ చట్టం. 2007లో ఒప్పందం పాఠం. 2008 జూలైలో వామపక్షాలు మద్దతు ఉపసంహరించడం, జూలై 22న లోక్‌సభలో 275, 256 ఓట్లతో ప్రభుత్వం గట్టెక్కడం. సెప్టెంబరు 6న అణు సరఫరాదారుల బృందం మినహాయింపు, అక్టోబరు 10న ప్రణబ్ ముఖర్జీ, కాండొలీజా రైస్ సంతకాలు.

జూలై 22 నాకు బాగా గుర్తుంది. ఇంజనీరింగ్ హాస్టల్లో టీవీ ముందు వందమందిమి కిక్కిరిసి ఉన్నాం. లోక్‌సభలో నోట్ల కట్టలు ఊపుతున్నారు. ఆంధ్రప్రదేశ్ కాంగ్రెస్ ఎంపీలు ఒకవైపు, తెలుగుదేశం మరోవైపు. ఎవరు ఎటు గెంతుతారని మావాళ్ళు క్రికెట్ మ్యాచిలా పందాలు కాశారు. ఆ ఒప్పందంలో ఏముందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. మొన్న ఆ పెద్దాయన ఫోన్ చేశాకే మొదటిసారి దాన్ని పూర్తిగా చదివాను. పట్టుమని పాతిక పేజీలు లేదు. మా సీనియర్ చెప్పినట్టే వెనకనుంచి చదివాను.

అమెరికా అణుశక్తి చట్టంలో 123వ సెక్షన్ కింద జరిగింది కాబట్టి దానికి 123 ఒప్పందం అని పేరు. పదిహేడు అధికరణాలు. నాలుగు విషయాలు తూకం వేసి చూద్దాం.

మొదటిది తనిఖీలు. అప్పటికి ఉన్న, కడుతున్న మొత్తం 22 రియాక్టర్లలో 14 పౌర రియాక్టర్లని, వాటిని 2014 లోపల అంతర్జాతీయ తనిఖీల కిందికి తెస్తామని ఒప్పుకున్నాం. మిగతా 8, పరిశోధనలో ఉన్న ఫాస్ట్ బ్రీడర్లు బయట ఉంటాయి. ఏది పౌరం, ఏది సైనికం అన్నది మనమే నిర్ణయించుకున్నాం. సైరస్‌ని 2010లో మూసేస్తామన్నాం, మూసేశాం. 1978 నాటి అమెరికా పట్టు "అన్నీ తెరవాలి" కదా. దాన్నుంచి వాళ్ళు దిగివచ్చారు. మరోవైపు, ఒకసారి తెరిచిన తలుపు మళ్ళీ మూయడానికి లేదు. ఆ తనిఖీలు శాశ్వతం. ఒప్పందం రద్దయినా అవి ఉంటాయి.

రెండోది ఇంధనం. ఇక్కడ తారాపూరు దెయ్యం కనిపిస్తుంది. అయిదో అధికరణంలో మనవాళ్ళు పట్టుబట్టి రాయించుకున్న మాటలున్నాయి. రియాక్టర్ల జీవితకాలానికి సరిపడా ఇంధన నిల్వలు పెంచుకోవడానికి అమెరికా సహకరిస్తుంది. సరఫరా ఆగిపోతే రష్యా, ఫ్రాన్సు, బ్రిటన్ లాంటి మిత్రదేశాలను కలుపుకుని మార్గం చూస్తుంది. అదీ కుదరకపోతే భారతదేశం "దిద్దుబాటు చర్యలు" తీసుకోవచ్చు. ఆ చర్యలేమిటో ఎక్కడా రాయలేదు. 2008 సెప్టెంబరులో బుష్ ఈ ఒప్పందాన్ని కాంగ్రెసుకి పంపుతూ, ఇంధన హామీలు రాజకీయపరమైన మాటలే గాని చట్టపరంగా కట్టిపడేసేవి కావని స్పష్టం చేశాడు. నా భాషలో చెప్పాలంటే, సేల్స్ మనిషి నోటితో చెప్పినదాన్ని కాంట్రాక్టులోకి ఎక్కించాం, తీరా వాళ్ళ లాయరు వచ్చి ఆ పేరా లెక్కలోకి రాదన్నాడు.

మూడోది వాడిన ఇంధనం. ఇది మనం నిజంగా గెలిచిన చోటు. తిరిగి శుద్ధి చేసుకునే హక్కుకి అమెరికా ముందే ఒప్పుకుంది. దానికోసం మనం తనిఖీలతో కూడిన ప్రత్యేక కేంద్రం కట్టాలి. ఏర్పాట్ల మీద చర్చలు మనం అడిగిన ఆరు నెలల్లో మొదలై, ఏడాదిలో ముగియాలని గడువు కూడా పెట్టారు. 2010 జూలైలో ఆ ఏర్పాట్ల మీద సంతకాలు జరిగాయి. 1963లో గడువు పెట్టని పాపానికి తొట్లలో పోగుపడ్డ ఇంధనాన్ని చూసి నేర్చుకున్న పాఠం ఇది.

నాలుగోది తెగతెంపులు. నేను ముందు చదివింది ఈ పద్నాలుగో అధికరణమే. ఎవరైనా ఏడాది ముందు నోటీసిచ్చి, కారణాలు చెప్పి బయటపడవచ్చు. పరిస్థితి అంతదాకా రావడానికి మారిన భద్రతా వాతావరణమో, ఇతర దేశాలు చేసిన అలాంటి పనో కారణమా అని పరిశీలించాలి. అంటే పాకిస్తానో, చైనానో పరీక్ష చేసి, అందుకు జవాబుగా మనం చేస్తే, ఆ సంగతి లెక్కలోకి తీసుకోవాలన్నమాట. అమెరికా తన సరుకు వెనక్కి అడగవచ్చు గాని, దానికి న్యాయమైన ధర కట్టి ఇవ్వాలి, మన రియాక్టర్లు ఆగిపోకుండా ఎలాగన్నది ముందు మాట్లాడాలి. వినడానికి బాగుంది. కానీ అదే అధికరణంలో, సంప్రదింపులతో లాభం లేదని తేల్చుకున్న పక్షం ఏడాది ఆగకుండానే సహకారం ఆపేయవచ్చని కూడా ఉంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ పాతిక పేజీల్లో ఎంత వెతికినా "అణు పరీక్ష" అన్న మాట కనబడదు. భారతదేశం మళ్ళీ పరీక్ష చేస్తే ఏమవుతుంది? అమెరికా చట్టంలో జవాబుంది: సహకారం ఆగిపోతుంది. ఢిల్లీలో ప్రభుత్వం చెప్పిన జవాబు: పరీక్ష చేసే హక్కు మనకి అలాగే ఉంది. ఇద్దరూ చెప్పింది నిజమే. ఇద్దరూ తమ ఇంట్లోవాళ్ళకి తమకు నచ్చినట్టు చెప్పుకోవడానికి వీలుగా ఆ మాట రాయకుండా వదిలేశారు. 1956లో "శాంతియుతం" అన్న మాట దగ్గర వదిలేసిన ఖాళీలాంటిదే ఇదీను. ఆది నిష్ఠూరం పడివుంటే సంతకాలే జరిగేవి కావు. మన సామెత ఇక్కడ ఓడిపోయిందేమో అనిపించింది నాకు.

ఆ ఖాళీ మిగతావాళ్ళకి కనపడకపోలేదు. 2008 సెప్టెంబరు 5న, సరఫరాదారుల బృందం తటపటాయిస్తున్నప్పుడు, పరీక్షలు చేయబోమని మనకై మనం పెట్టుకున్న నిషేధానికి కట్టుబడి ఉంటామని ప్రణబ్ ముఖర్జీ ప్రకటన చేశారు. మర్నాడు మినహాయింపు వచ్చింది. 2016లో జపాన్ మనతో తమ అణు ఒప్పందం మీద సంతకం చేసేటప్పుడు, ఆ ప్రకటనే తమ సహకారానికి పునాది అని, అది కదిలితే తాము ఆపేయవచ్చని విడిగా ఒక పత్రం రాయించుకుంది. హిరోషిమా, నాగసాకి చూసినవాళ్ళు మౌనంతో సరిపెట్టుకోలేకపోయారు. వాళ్ళది ఆది నిష్ఠూరం.

మనకి ఏం వచ్చింది అన్నది ఒక తట్ట. ప్రపంచానికి ఏం పోయింది అన్నది రెండో తట్ట. దాన్ని మనవాళ్ళ సభల్లో ఎవరూ ఎత్తరు, కానీ తూకం అన్నాక రెండూ చూడాలి. ఎన్‌పీటీ మీద సంతకం చేసి, బాంబు ఆలోచన వదులుకున్న దేశాలు వందకు పైగా ఉన్నాయి. వాళ్ళు అందుకు పొందిన బహుమానం పౌర అణు సహకారం. సంతకం చేయకుండా, బాంబు ఉంచుకుని, అదే బహుమానం మనం పొందాం. "మరి మేమెందుకు మడి కట్టుకున్నాం?" అని వాళ్ళడిగితే తప్పేముంది? బయటి యురేనియం పౌర రియాక్టర్లకి వస్తే, సొంత యురేనియం ఆయుధాలకి మిగులుతుందన్న విమర్శకీ పూర్తి జవాబు లేదు. ఆయుధాల కోసం ప్లుటోనియం తయారుచేయడం ఆపుతామని మనం ఒప్పుకోలేదు. ఆ తర్వాత చైనా పాకిస్తానుకి చష్మాలో మరో రెండు రియాక్టర్లు కట్టింది. మినహాయింపు ఒకరికి ఇచ్చాక రెండోవాడు ఊరుకోడు. అదే చైనా, 2016లో మనం సరఫరాదారుల బృందంలో సభ్యత్వం అడిగితే ఎన్‌పీటీ పేరు చెప్పి అడ్డుపడింది. మన వైపునుంచి చెప్పుకోవడానికి ఒక గట్టి మాట ఉంది. మనం అణు పరిజ్ఞానాన్ని ఇంకో దేశానికి అమ్ముకోలేదు. బేరంలో మన అసలైన పెట్టుబడి ఆ మంచిపేరే.

మరి ఒరిగిందేమిటి? పెద్దాయన ప్రశ్న అదే కదా.

అమెరికా రియాక్టర్లు కావాలని చూస్తే, ఒరిగింది సున్నా. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో వెస్టింగ్‌హౌస్ వాళ్ళవి ఆరు కడతామన్నారు. 2010లో మన పార్లమెంటు అణు ప్రమాద పరిహార చట్టం చేసింది. భోపాల్ గుర్తున్న దేశం కాబట్టి సరఫరాదారుణ్ణి కూడా బాధ్యుణ్ణి చేసింది. అమెరికా కంపెనీలు వెనకాడాయి. 2017లో వెస్టింగ్‌హౌస్ దివాలా పిటిషను వేసింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ పాత చట్టాన్ని మార్చి కొత్త అణు చట్టం తెచ్చింది. కొవ్వాడవాళ్ళు మాత్రం ఊరు ఉంటుందో ఊడుతుందో తెలియక ఇళ్ళకి సున్నం కూడా వేయాలా వద్దా అన్న సందిగ్ధంలో ఏళ్ళు గడిపారు. ఒప్పందాల తూకంలో వాళ్ళ బరువు ఎవరూ వేయలేదు.

ఇంధనం వైపు చూస్తే కథ వేరు. మినహాయింపు రాగానే ఫ్రాన్సు, రష్యా, కజకిస్తాన్ యురేనియం అమ్మడం మొదలుపెట్టాయి. 2008లో సగం సామర్థ్యంతో నడిచిన రియాక్టర్లు అయిదారేళ్ళలో ఎనభై శాతం దాటాయి. 2015లో కెనడా కూడా యురేనియం అమ్మడానికి ఒప్పుకుంది. 1974లో మన మొహం మీద తలుపేసిన ఆ కెనడాయే! అప్పట్లో 4,120 మెగావాట్లున్న మన అణు విద్యుత్ సామర్థ్యం ఇప్పుడు 8,000 దాటింది. మొత్తం విద్యుత్తులో అణు విద్యుత్తు వాటా ఇప్పటికీ మూడు శాతం చుట్టుపక్కలే. 2008లో చెప్పిన కలల ముందు అది చిన్నదే. కాని ఇంధనం కోసం ఎవరి గుమ్మం ముందో నిలబడే అవసరం తీరింది.

ఇక్కడ నాకు తట్టింది చెప్పి ముగిస్తాను. 1963లో మనకి చట్టబద్ధమైన హామీ ఉంది, కొట్టు మాత్రం ఒక్కటే. ఆ కొట్టువాడు మాట మార్చగానే హామీ చిత్తుకాగితమైంది. 2008లో హామీ బలహీనం, అసలు ప్రశ్న దగ్గర కాగితం మౌనం. కానీ ఆ సంతకంతో నాలుగైదు కొట్లు తెరుచుకున్నాయి. అమెరికా మాట మీద ఆధారపడనక్కరలేని స్థితిని అమెరికాతో ఒప్పందం ద్వారానే సంపాదించాం. ఆ మేరకు బేరం మంచిదే. అయితే ఆ కొట్లన్నింటికీ తాళంచెవి ఆ సెప్టెంబరు 5 ప్రకటనలోనే ఉంది. మనం మళ్ళీ పరీక్ష చేసిన రోజున ఒక్కసారిగా అన్నీ మూతపడవచ్చు. అంటే పరీక్ష చేసే హక్కు కాగితం మీద మన దగ్గరే ఉంది, దాని ఖరీదు మాత్రం ఏటేటా పెరుగుతోంది. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధానికి ఇంతకన్నా బలమైన షరతు ఎవరూ రాయలేకపోయేవారేమో. అంత్య నిష్ఠూరం రాకుండా చూసుకునే భారం మాత్రం ఆ ఖాళీని వదిలిన తరానిది కాదు, మనదీ మన పిల్లలదీ.

పోయిన వారం బాబాయిగారికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "అంతా బాగానే ఉంది గాని, సరుకు ఇప్పుడు టైముకి వస్తోందా?" అన్నారు. వస్తోంది బాబాయిగారూ అన్నాను. "అయితే సరే. ఆగిపోతే ఏం చేయాలో మాత్రం ఇప్పుడే ఆలోచించుకోమను" అన్నారు.

ఆయన కూడా కాంట్రాక్టు వెనకనుంచే చదువుతారని అప్పుడర్థమైంది. సెలవు.